కూకట్‌పల్లి తీర రక్షక దళం

మా బామ్మర్ది పుట్టి పెరిగింది కూకట్‌పల్లిలో. చిన్నప్పుడు లుంబినీ పార్కులో బుద్ధుడి విగ్రహం దాకా తీసుకెళ్లే బోటెక్కమంటే రెయిలింగు వాటేసుకుని ఏడ్చాడట. ఆ మనిషి బ్రిస్బేన్‌లో స్థిరపడి, ఈమధ్య ఒక తెరచాప పడవ కొన్నాడు. సెకండ్ హ్యాండ్ యాట్. దానికి ‘గోదావరి’ అని పేరు. అక్కడి చలికాలంలో, అంటే జూన్, ఆగస్టుల మధ్య, ఆగ్నేయం గాలి వెనకనుంచి తోస్తుంటే ఆస్ట్రేలియా తూర్పు తీరం వెంబడి పైకి వెళ్లి, ఎయిర్లీ బీచ్‌లో పడవని ఉంచి వచ్చేశాడు. సెప్టెంబరులో పిల్లలకి సెలవులివ్వగానే, ఉత్తరం నుంచి గాలి వీచే రోజు చూసుకుని, భార్యాపిల్లలతో పడవ మీద ఇంటికి బయల్దేరాడు. సుమారు 500 నాటికల్ మైళ్లు. మన లెక్కలో 900 కిలోమీటర్ల పైచిలుకు.

వెళ్లేవాడు వెళ్లక, ‘బావా, అమ్మ కంగారుపడుతుంది. ఈ యాప్‌లో మా పడవ కనిపిస్తుంది. రోజుకి ఒక్కసారి చూపించు, చాలు’ అని నాకో లింకు పంపాడు.

ఒక్కసారట! అత్తయ్య మా ఇంట్లోనే ఉంటారు. ఆవిడ టీవీ సీరియళ్లు మానేశారు. నా ఫోను నాది కాకుండా పోయింది. ‘గంటకి పది కిలోమీటర్లేనా బాబూ? అమీర్‌పేట ట్రాఫిక్ నయం కదా’ అనేవారు. తెరచాప పడవలు అంతే వెళతాయని చెబితే, తన కొడుకుని తక్కువ చేసి మాట్లాడుతున్నానన్నట్టు చూసేవారు. ఒకరోజు రాత్రి చుక్క సముద్రం మధ్యలో ఆగిపోయింది. పడవలోని ట్రాన్స్‌పాండర్ పంపే సిగ్నల్ ఒడ్డున ఉన్న రిసీవర్లకి అందితేనే ఉచిత యాప్‌లో కనిపిస్తుంది. అందకపోతే పాత చోటే చూపిస్తూ కూర్చుంటుంది. ఉపగ్రహం నుంచి చూడాలంటే డబ్బు కట్టాలి. కట్టాను. ఎవరి కార్డు మీదో వేరే చెప్పాలా?

ఇక మొన్న ఆదివారం.

ఫోన్లో చిన్నగా ఉంది, కళ్లు లాగుతున్నాయి అంటే యాప్‌ని టీవీకి కలిపాను. పడవ గ్రేట్ శాండీ స్ట్రెయిట్‌లో ఉంది. అది ఒకప్పుడు ఫ్రేజర్ ఐలాండ్ అని పిలిచిన దీవికి, అసలు నేలకి మధ్య ఉండే సన్నటి జలసంధి. ఆ ఐలాండ్ ప్రపంచంలోకెల్లా పెద్ద ఇసుక దీవి. జలసంధి దక్షిణపు కొసలో వైడ్ బే బార్ అని ఒక ఇసుక మేట ఉంటుంది. పోటు, గాలి, వెలుతురు మూడూ కుదిరితే తప్ప దాన్ని దాటకూడదట. అందుకని బామ్మర్ది ఆ రాత్రికి లంగరు వేసుకుని తెల్లారేదాకా ఆగాడు. మొదటే ఆ ముక్క మెసేజ్ చేసి ఉంటే ఈ వ్యాసమే లేదు.

అత్తయ్య రిమోట్ తీసుకుని మ్యాప్‌ని పెద్దది చేశారు. ఇంకా పెద్దది. చివరికి నలభై మీటర్ల నీళ్లు మా హాలు గోడంతా నిండేలా చేశారు. అందులో మా గోదావరి నడిచిన జాడ, చేయి తిరగనివాళ్లు వేసిన మెలికల ముగ్గులా, తన చుట్టూ తనే తిరుగుతూ కనిపించింది.

‘సుడిగుండం’ అన్నారు అత్తయ్య, లేచి నిలబడి.

సరిగ్గా అప్పుడే కాలింగ్ బెల్ మోగింది. మా అసోసియేషన్ సెక్రటరీ గారు. నాలుగో అంతస్తు. ఆయన బాత్రూం మా బాత్రూం నెత్తిమీదే ఉంటుంది, ఆయన స్నానం చేసినప్పుడల్లా మాకూ తెలుస్తుంది. అది బాగుచేయించేదాకా మెయింటెనెన్స్ కట్టనని నేను, కట్టాకే ప్లంబర్ అని ఆయన. ఆ బకాయి గురించే వచ్చారు. కానీ టీవీ చూడగానే బకాయి మర్చిపోయి వెన్ను నిటారు చేశారు. ఆయన వైజాగ్‌లో నేవీలో పనిచేసి రిటైరయ్యారు. ఆ విషయం వినాయక చవితి మైకులో కూడా చెబుతారు.

‘యాంకర్ డ్రాగింగ్!’ అన్నారు. ‘లంగరు పట్టు తప్పింది. పడవ కొట్టుకుపోతోంది.’

ఆయన గొంతు చిన్నది కాదు. ఎదురు ఫ్లాటు వాళ్లొచ్చారు. కింది వాళ్లొచ్చారు. వాచ్‌మన్ పిల్లలొచ్చారు. మా ఆవిడ అలవాటు ప్రకారం స్టవ్ మీద టీ పెట్టింది. సముద్రానికి ఎక్కడో మూడొందల కిలోమీటర్ల అవతల, సముద్రమట్టానికి అయిదొందల మీటర్ల పైన, మా త్రీ బెడ్‌రూం హాలు నౌకాదళ ప్రధాన కార్యాలయమైపోయింది. బామ్మర్దికి ఫోన్ చేస్తే స్విచాఫ్. సెక్రటరీ గారు ‘కాల్ రెస్క్యూ’ అని నావైపు చూశారు, నేను ఆయన కింద సిపాయినైనట్టు.

ఆ తీరం వెంబడి స్వచ్ఛందంగా పనిచేసే రెస్క్యూ వాళ్లుంటారు. పడవల వాళ్లు బయల్దేరేటప్పుడు రేడియోలో వాళ్లకి చెప్పి, చేరాక మళ్లీ చెబుతారు. నెట్‌లో నంబరు పట్టుకుని చేశాను. అక్కడ రాత్రి ఎనిమిదిన్నర. ఎవరో పెద్దాయన ఎత్తాడు. మనవాళ్ల కోసం స్పీకర్ ఆన్ చేశాను.

పడవ పేరు చెప్పాను, లంగరు సంగతి చెప్పాను. ‘మీరు ఏ పడవ నుంచి చూస్తున్నారు?’ అన్నాడు.

‘పడవ కాదండీ. హైదరాబాద్. ఇండియా.’

కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత ఆయన చాలా ఓపిగ్గా చెప్పాడు: పోటు తిరిగింది, నీళ్లు అటు లాగుతుంటే గాలి ఇటు తోస్తోంది, గొలుసు పొడవున పడవ లంగరు చుట్టూ తిరుగుతుంది, లంగరు జారితే జాడ ఒకవైపుకి సాగిపోవాలి కానీ ఇలా చుట్టుకోదు. హాలంతా సెక్రటరీ గారి వైపు తిరిగింది. ఆయన టీలో చక్కెర సరిపోలేదని కప్పులోకి చూస్తున్నారు.

అక్కడితో పెట్టేస్తే పోయేది. ఆ పెద్దాయన మంచివాడు. ‘ఉండండి, రేడియోలో పిలుస్తాను, అమ్మగారికి మనశ్శాంతిగా ఉంటుంది’ అన్నాడు. మొదట పడవలన్నీ వింటూ ఉండే 16వ ఛానల్‌లో ‘గోదావరి’ అని మూడుసార్లు పిలిచాడు, బామ్మర్ది నిద్రమొహంతో పలికాడు, ఇద్దరూ వేరే ఛానల్‌కి మారారు. ఇక్కడో సంగతి. అలా మారినప్పుడు ఊసుపోని పక్క పడవలన్నీ వాళ్లతో పాటే ఆ ఛానల్‌కి మారి వింటాయి. రాత్రిపూట లంగరేసుకున్నవాళ్లకి అంతకంటే పనేముంది? ఇంకో సంగతి. ఆ రేడియోలో ఒకళ్లు బటన్ నొక్కి మాట్లాడుతుంటే రెండోవాళ్లు మాట్లాడలేరు. వదిలేదాకా వినాల్సిందే.

‘అమ్మగారిని ఏమైనా చెప్పమనండి, ఫోన్ మైకు దగ్గర పెడతాను’ అన్నాడు మహానుభావుడు. బటన్ నొక్కాడు.

అత్తయ్య కళ్లు మూసుకున్నారు. ఆవిడకి ఫోన్లో మాట్లాడేటప్పుడు కళ్లు మూసుకోవడం అలవాటు. ‘నాన్నా, చిన్నదానికి చెవుల్లో దూది పెట్టావా? సముద్రపు గాలి మంచిది కాదు’ అని మొదలుపెట్టారు. దూది అయ్యాక పెరుగు. పెరుగయ్యాక శనివారం తలంటు. కోడలికి నల్లపూసలు ఉప్పుగాలికి నల్లబడతాయేమో తీసి దాచమన్నారు, నల్లపూసలు ఇంకెంత నల్లబడతాయో నాకు తెలియదు. తర్వాత తణుకు పెద్దమ్మ మోకాలి ఆపరేషను. ఆ జలసంధి మొత్తం తణుకు పెద్దమ్మ మోకాలు వింది. నేను ఫోన్ లాక్కోబోతే మా ఆవిడ నా చేయి పట్టుకుంది, వాళ్లమ్మని మాట్లాడనివ్వరని.

‘ఇక్కడ మీ బావకేం బాగాలేదురా’ అన్నారు అత్తయ్య. నా గుండె జారింది. ‘మెయింటెనెన్స్ కట్టట్లేదు. బాత్రూం కారుతోందని వంక. అసలు సంగతి డబ్బుకి ఇబ్బందిగా ఉందిలే, నీకు చెప్పొద్దన్నాడు. పైన ఆ సెక్రటరీ ఒకడు. నేవీ నేవీ అంటాడు కానీ స్టోర్సులో గుమాస్తాగా చేశాడట, పడవెక్కితే వాంతులట, వాళ్లావిడే చెప్పింది.’

ఆ గుమాస్తా నా సోఫాలో, నా టీ తాగుతూ, నాకు అడుగు దూరంలో ఉన్నారు. వాచ్‌మన్ పిల్లలు మాత్రమే నవ్వారు. పెద్దాయన బటన్ వదిలాక అటునుంచి ఎవరో పరాయి గొంతు, బహుశా పక్క పడవది, ‘గుడ్ నైట్, మమ్’ అంది. ఆ తర్వాత బామ్మర్ది గొంతు, ‘సరేనమ్మా.’ అంతే. మోకాలి నుంచి గుమాస్తా దాకా అన్నిటికీ కలిపి అంతే.

వాళ్లు మర్నాడు బార్ దాటి మూలూలబా చేరారు, ఫొటోలు పెట్టారు, బాగానే ఉన్నారు. నాకు యాప్ వాళ్ల నుంచి ఆటో రెన్యూవల్ అయిందని మెసేజ్ వచ్చింది. సెక్రటరీ గారు లిఫ్టులో బకాయిదారుల జాబితా అంటించారు, మొదటి పేరు నాదే. అక్షరక్రమంలో రాశామన్నారు. నా పేరు ‘వ’తో మొదలవుతుంది.