తుఫాను హెచ్చరిక కాకిలెక్క కాదు

"ఫిజిక్స్ వాళ్లు ఇప్పుడు ఆలోచించరు, బటన్ నొక్కితే కంప్యూటరే అన్నీ చెప్పేస్తుంది" అనే మెసేజ్ మా అమలాపురం గ్రూపులన్నిట్లో తిరుగుతోంది. పంపేవాళ్లు చదువుకున్నవాళ్లే కావడం మరీ బాధగా ఉంది.

ఐన్‌స్టీన్‌కి కంప్యూటర్ లేదు కదా అంటారు. లేదు. రెండు కృష్ణబిలాలు (బ్లాక్ హోల్స్) ఢీకొంటే ఏమవుతుందో ఆయన సమీకరణాల నుంచి పూర్తిగా రాబట్టడానికి 2005 దాకా ఆగాల్సి వచ్చింది, అదీ కంప్యూటర్ మీదే. ఆ పాయింటు అక్కడితో సరి.

బటన్ సంగతికొద్దాం. 2019లో వచ్చిన కృష్ణబిలం ఫొటో కోసం నాలుగు జట్లు ఒకరి పని ఒకరికి తెలియకుండా బొమ్మ తయారుచేశాయి. కోరుకున్న బొమ్మనే చూసేస్తామేమో అన్న భయంతోనే అలా చేశారు. ఆలోచించనివాళ్లు చేసే పనేనా ఇది?

నాకు ఒళ్లు మండింది చివరి వాక్యానికి: "తుఫాను హెచ్చరికలూ కంప్యూటర్ కాకిలెక్కలే, దారి రోజుకోలా మారుస్తారు, నమ్మి ఇల్లు వదలొద్దు." 1996 నవంబరు 6న వెయ్యిమందికి పైగా పోయిన తుఫాను మన తీరానిదే. ఇక్కడుండి ఈ మాట ఎలా పంపగలిగారు?

వాతావరణాన్ని గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడిలో గాలి, పీడనం, తేమ, వేడి ఎంతో పెట్టి, న్యూటన్ సూత్రాలతో తర్వాతి నిమిషాలు లెక్కిస్తారు. చేత్తో చేసిన అలాంటి లెక్కను బ్రిటిష్ శాస్త్రవేత్త రిచర్డ్‌సన్ 1922లో ప్రచురించాడు. ఆరు గంటల వాతావరణానికి వారాలు పట్టింది, జవాబూ తప్పింది. 1950లో ఎనియాక్ అనే తొలితరం కంప్యూటర్ మీద 24 గంటల అంచనాకు సుమారు 24 గంటలు పట్టింది. మరి దారి ఎందుకు మారుతుంది? 1961లో వాతావరణ శాస్త్రవేత్త లోరెంజ్ తన కంప్యూటర్ లెక్కకు మొదటి అంకెగా .506127 బదులు .506 ఇస్తే, కొంతసేపటికి వాతావరణమే వేరైపోయింది. సముద్రం మీద కొలతలు ఎప్పుడూ కాస్త అటూఇటూగానే ఉంటాయి. అందుకే, దారి ఎంత అటూఇటూ కావచ్చో తెలియడానికి, మొదటి అంకెలను కొంచెం కొంచెం మార్చి అదే లెక్కను చాలాసార్లు నడుపుతారు. కొత్త కొలత అందాక కూడా దారి సవరించకపోతే, అప్పుడు అనుమానించండి.

1999లో తుఫానుకు ఒడిశాలో దాదాపు పదివేలమంది పోయారు. 2013లో ఫైలిన్ తుఫాను కూడా అక్కడే విరుచుకుపడింది. ముందే లక్షలమందిని తరలించారు, మరణాలు పదుల్లో ఆగాయి. వాళ్లంతా ఈ మెసేజ్ నమ్మి ఇళ్లలోనే కూర్చుని ఉంటే?

"ప్రోగ్రామింగ్ రాని బీఎస్సీ పిల్లలు వెనకబడతారు" అన్న వాక్యం మాత్రం ఒప్పుకుంటాను. నేను చూసిన కాలేజీల్లో లోలకం ప్రయోగాన్ని రికార్డులో ఎక్కించడమే తప్ప, పది లైన్ల ప్రోగ్రాముతో అదే లోలకాన్ని లెక్కగట్టించినవాళ్లు లేరు. అది అడగడానికైతే నేనూ మీతో వస్తాను.

తుఫాను మాట తప్పని మాత్రం పంపిన గ్రూపులోనే రాయండి. సముద్రం ఒడ్డునుండే ఓడలరేవు, అంతర్వేది వాళ్లు కూడా అందులో ఉన్నారు.