ఆ అరుగు మీద గీత ఎందుకు కొట్టారు?

ఇవాళ మధ్యాహ్నం ఒక ఆర్కిటెక్చర్ కాలేజీలో నాలుగో ఏడాది జ్యూరీ, అంటే విద్యార్థులు గీసిన డిజైన్లను పెద్దలు కూర్చుని తూకం వేసే పరీక్ష. ఒక అమ్మాయి బస్టాండు పక్కనున్న ఎకరం మునిసిపల్ స్థలం తీసుకుని కూరగాయల మార్కెట్, రోడ్డు వైపు ఇరవై దుకాణాలు, చెట్ల కింద 400 చదరపు మీటర్ల ఖాళీ జాగా డిజైన్ చేసి తెచ్చింది. ఆ జాగా అంచున 40 మీటర్ల పొడుగున అరుగు. బయటి నుంచి వచ్చిన పెద్దమనిషి ఎర్ర పెన్ను తీసి ఆ అరుగు మీద ఈ కొస నుంచి ఆ కొసకి గీత కొట్టేశాడు. "ఇది తీసెయ్యమ్మా. అడ్డమైనవాళ్లంతా చేరి కూర్చుంటారు, కస్టమర్లు రారు. ఫ్రంట్ అంతా గ్లాస్ పెట్టు, ముందు లాన్ వెయ్యి" అన్నాడు. అమ్మాయి "సార్, అది..." అనేలోపే తర్వాతి షీట్‌కి వెళ్లిపోయారు. నెలన్నర పనికి ఆరు నిమిషాలు.

అడ్డమైనవాళ్లు ఎవరండీ? తెల్లవారుజామున తోటకూర కట్టలు మూటగట్టుకుని మొదటి బస్సెక్కి వచ్చిన ముసలమ్మా? ఆస్పత్రిలో చూపించుకుని సాయంత్రం బస్సు కోసం ఎదురుచూసే పల్లెటూరి మనిషా? కూలి అడ్డా మీద పని దొరక్క పదింటిదాకా నిలబడేవాళ్లా? బస్టాండు పక్కన జాగా అంటే వాళ్లదే. వాళ్లను తీసేస్తే అక్కడ మార్కెట్ ఎవరికి కడుతున్నట్టు?

మన ఇళ్లకి వీధి అరుగులుండేవి. ఇల్లు ఒకరిది, అరుగు మాత్రం వీధిది. ఎండన పడి వచ్చినవాడు చూరు నీడన ఆ అరుగు మీద కూలబడితే ఇంటావిడ "ఎవరు బాబూ" అని అడిగి చెంబుడు నీళ్లిచ్చేది. ఊరి మధ్య రావిచెట్టు చుట్టూ రచ్చబండ ఉండేది. సొంత స్థలానికీ పబ్లిక్ స్థలానికీ మధ్య ఆ గజం వెడల్పు చోటు ఎలా పనిచేస్తుందో మన తాపీమేస్త్రీలకి తెలుసు. ఆ అమ్మాయికీ తెలుసు. ఐదేళ్ల బీఆర్క్ చదివి, పాతికేళ్లు ప్రాక్టీసు చేసి జ్యూరీకి వచ్చినాయనకి తెలియలేదు.

40 మీటర్లు ఎక్కువా? లెక్క వేసి చూడండి. న్యూయార్క్ నగరం 1975లో ప్లాజాల (పెద్ద భవనాల ముందు జనం కోసం వదిలే ఖాళీ జాగాల) నిబంధనలు మార్చినప్పుడు ప్రతి 30 చదరపు అడుగుల ఖాళీకి ఒక అడుగు పొడుగున కూర్చునే చోటు ఉండాలని పెట్టింది. ఈ అమ్మాయి వదిలిన ఖాళీ 400 చదరపు మీటర్లు, అంటే సుమారు 4,300 చదరపు అడుగులు. 30తో భాగిస్తే 143 అడుగులు, దాదాపు 44 మీటర్లు. ఆమె ఇచ్చింది ఇంకా నాలుగు మీటర్లు తక్కువే! మనిషికి 600 మి.మీ. చొప్పున అరవై మందికి పైగా కూర్చుంటారు. పండగ ముందురోజు సంతకి అది ఏ మూలకి?

అరుగు గీయడం తేలికనుకోవద్దు. ఆ అమ్మాయి సెక్షన్‌లో, అంటే అరుగుని నిలువునా కోసినట్టు చూపే బొమ్మలో, 450 మి.మీ. ఎత్తు రాసింది. మోకాలికి సరిపడే ఎత్తు అది. 300కి దిగితే మోకాళ్ల నొప్పులున్నవాళ్లు లేవలేరు. 600కి పోతే పొట్టివాళ్ల కాళ్లు గాల్లో వేలాడతాయి. కింద వంద మి.మీ. లోపలికి గాడి వదిలింది, మడమ వెనక్కి లాక్కుని బలం మోపి లేవడానికి. ఆ గాడి లేని అరుగు మీద పెద్దవాళ్లు ఎలా అవస్థ పడతారో ఏ పార్కులోనైనా పది నిమిషాలు నిలబడి చూడండి. పైన కడప బండ కాకుండా తాండూరు రాయి పెట్టింది. నల్ల రాయి మధ్యాహ్నం రెండింటికి పెనంలా కాలుతుంది, మళ్లీ చల్లబడేసరికి సాయంత్రం దాటుతుంది. నీళ్లు నిలవకుండా రాయికి కొద్దిగా వాలు, రాయి అంచు అడుగున నీరు గోడ మీదికి పాకకుండా చిన్న గాడి, ఆరు మీటర్లకోసారి మీటరున్నర సందు (ఆ 40 మీటర్లు ఈ సందులు పోనే). ఆ సందులో చక్రాల కుర్చీలో ఉన్న మనిషి మిగతావాళ్ల పక్కనే ఆగొచ్చు, తోపుడు బండీ దూరుతుంది. ఇన్ని ఆలోచించి గీసిన గీత మీద ఒక్క ఎర్ర గీత!

రాత్రిళ్లు తాగుబోతులు చేరతారంటారు. చేరతారు, ఎప్పుడు? అరుగు వెనక గుడ్డి గోడ ఉండి, ఎదురుగా దుకాణం లేక, దీపం లేనప్పుడు. అందుకే ఆమె ఒక కొసన టీ బంకు, ఇంకో కొసన మందుల షాపు పెట్టింది, రెండూ పొద్దుపోయేదాకా తెరిచుండేవి. నాలుగు మీటర్ల ఎత్తున మామూలు దీపాలు, పది మీటర్లకొకటి. హైమాస్ట్, అంటే బాగా ఎత్తు స్తంభం మీది పెద్ద లైట్లు, ఒక్కటి పెడితే చెట్ల కింద చీకటి అలాగే ఉంటుంది, కళ్లు మాత్రం జిగేల్మంటాయి. ఇదంతా షీట్ మీద ఉంది. చదివితే కదా!

ఇక ఆ గ్లాసు. ఆ స్థలం రోడ్డు వైపు ముఖం పడమర. మన ఎండకి పడమటి గోడకి గ్లాసు పెట్టమని విద్యార్థికి చెప్పడానికి నోరెలా వచ్చింది? మధ్యాహ్నం మూడు దాటాక సూర్యుడు కిందికి దిగుతాడు, పైన మామూలు చూరు వేసినా ఎండ సూటిగా లోపలికి కొడుతుంది. అక్కడ కావలసింది జాలీ (చిల్లుల గోడ), చెట్లు, లోతైన వరండా. గ్లాసు పెట్టిన కాంప్లెక్సుల గతి ఏ జిల్లా కేంద్రానికి వెళ్లినా కనిపిస్తుంది: దుకాణం తెరిచిన కొన్నాళ్లకే గ్లాసు నిండా ఫ్లెక్సీ అతికిస్తారు. లోపల ఏసీ, పగలూ లైటు, కరెంటు బిల్లు కిరాయిదారు నెత్తిన. మహా అయితే ప్రారంభోత్సవం నాటి ఫోటోలో బాగుంటుంది.

జనం కూర్చుంటే వ్యాపారం పోతుందనేదానికి జవాబు కోల్‌కతాలో ఉంది. సాల్ట్ లేక్‌లో సిటీ సెంటర్ అనే మాల్, ఆర్కిటెక్ట్ చార్లెస్ కొరియా డిజైన్, 2004లో తెరిచారు. మధ్యలో కుండ్ అని మెట్ల జాగా, పైన ఆకాశం. రూపాయి ఖర్చు పెట్టకుండా గంటలు కూర్చోవచ్చు, కూర్చుంటారు. పెద్ద బ్రాండ్లూ చిన్న దుకాణాలూ పక్కపక్కనే ఉన్నాయి. అంత దూరం ఎందుకు, హైదరాబాదులో మోజంజాహీ మార్కెట్ లేదా? 1935లో గ్రానైట్ రాయితో కట్టారు. రోడ్ల వైపు కమానుల వరండా, వెనక పెద్ద ముంగిలి. రోడ్డు మీది జనం ఏ అడ్డూ లేకుండా లోపలికి నడిచొస్తారు. రిపేర్లు చేసి 2020 ఆగస్టులో మళ్లీ తెరిస్తే సాయంత్రాలు ఐస్‌క్రీమ్ తింటూ ఆ ముంగిట్లో కూర్చునే జనాన్ని చూడండి. వాళ్ల వల్ల ఏ దుకాణం మూతపడింది?

నాకు అసలు మంట ఇంకోటి. ఆ జ్యూరీలో ఒక్కరంటే ఒక్కరు మార్కెట్ లోపలి గురించి అడగలేదు. వరసల మధ్య దారి ఎంత, సరుకు ఎటునుంచి దిగుతుంది, కుళ్లిన కూర ఎటుపోతుంది, ఏమీ లేదు. ఎలివేషన్ (భవనం ముఖం బొమ్మ) చూశారు, "కాన్సెప్ట్ ఏంటి" అన్నారు, ముగించారు.

ప్రభుత్వం డబ్బుతో కట్టిన మార్కెట్లు ఎన్ని ఊళ్లలో ఖాళీగా పడున్నాయి! పై అంతస్తులో స్టాళ్లు కట్టి చీటీలు తీసి కేటాయిస్తారు. కిలో వంకాయల కోసం ఎవరూ మెట్లెక్కరు. పై అంతస్తు గోడౌన్ అవుతుంది, అమ్మేవాళ్లు మళ్లీ రోడ్డు మీదికి వస్తారు. అప్పుడు "ఎన్ని సౌకర్యాలిచ్చినా వీళ్లు మారరు" అని వాళ్లనే తిడతారు. వాళ్లు బయటికి రావడానికి కారణం చాలా మామూలుది. స్కూటర్ దిగకుండా కొనేవాడు అంచునే ఆగుతాడు, అమ్మకమంతా అక్కడే జరిగిపోతుంది. లోపల మూలన కూర్చున్నదానికి బోణీ కూడా కాదు. కాబట్టి పొడుగాటి ఒకే షెడ్డు, ఒకే గేటు పెడితే లోపలివాళ్లు చచ్చినట్టు బయటికొస్తారు. వరసలు పొట్టిగా ఉండాలి, ప్రతి వరసా రోడ్డు వైపు తెరుచుకోవాలి, అందరికీ అంచులో తలా కొంత వాటా రావాలి. ఈ అమ్మాయి ఒక్క గేటు బదులు ఐదు దారులు పెట్టింది. ప్రాజెక్టు మొత్తంలో తెలివంతా అక్కడుంది. ఎవరూ చూడలేదు.

వరసల మధ్య ఆమె పెట్టిన దారి వెడల్పు 2.4 మీటర్లు. రెండు వైపులా బేరమాడుతూ నిలబడే మనుషులకి చెరో 600 మి.మీ., మధ్యలో ఎదురెదురుగా నడిచే ఇద్దరికి 1200. దీన్ని 1.8 చేస్తే ఉల్లిగడ్డ బస్తా దించినప్పుడల్లా దారి మూసుకుపోతుంది. ఒక్కొక్కరికి ఆరడుగుల వెడల్పు, ఐదడుగుల లోతు: ముందు మూడడుగుల్లో సరుకు, వెనక రెండడుగుల్లో మనిషి, పక్కన ప్లాస్టిక్ క్రేట్లు. గట్టు 200 మి.మీ. మాత్రమే. చాలా మార్కెట్లలో రెండున్నర అడుగుల గట్టు కడతారు, అరవై ఏళ్ల మనిషి దానిమీదికి రోజుకి పదిసార్లు ఎక్కి దిగాలి. నేలకి గరుకు రాయి. నున్నటి టైల్స్ మీద ఒక్క కొత్తిమీర కట్ట నీళ్లు కారితే చాలు, కాలు జారుతుంది. వందకి ఒకటి చొప్పున కాలువ వైపు వాలు, కాలువ మీద చేత్తో ఎత్తగలిగే ఇనప జాలీ మూత, ఎందుకంటే ఎత్తలేని జాలీ కింద ఉల్లిపొట్టు పేరుకుని మొదటి వానకే పొంగుతుంది. చేపలు వేరు, వాటి నీళ్లు వేరే కాలువలోకి. సరుకు ఆటోలు తెల్లవారుజామున వెనక దారిన వచ్చి దించిపోవాలి. తొక్కలూ ఆకులూ వేసే తొట్టి ఆ వెనక దారికే దగ్గరగా. బరువైన బండి నెట్టేచోట ర్యాంపు ఇరవైకి ఒకటి, అంటే ఇరవై అడుగుల పొడుగుకి ఒక అడుగు ఎత్తు. చక్రాల కుర్చీకి నిబంధన పన్నెండుకి ఒకటి సరే, నిండు బండిని ఆ వాలు మీద నెట్టమనండి చూద్దాం!

మరుగుదొడ్లు. తెల్లవారుజామున నాలుగింటికొచ్చి రాత్రి తొమ్మిదిదాకా అక్కడే ఉండే ఆడవాళ్లు నీళ్లు తాగడం మానేస్తారు, పోవడానికి చోటు లేక. సీసా పక్కనే ఉంటుంది, మూత తియ్యరు. మార్కెట్ డిజైన్‌లో దీనికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఉందా? ఆ అమ్మాయి ఆడవాళ్ల టాయిలెట్ చెత్త తొట్టి వెనక కాకుండా నడిచే దారిలో, దీపం కింద, తలుపు అందరికీ కనిపించేలా పెట్టింది. పక్కనే మంచినీళ్ల కుళాయి, ఊడ్చే మనిషి సామాను పెట్టుకునే అల్మారా. దానిమీద వచ్చిన ఒకే ఒక కామెంట్: "టాయిలెట్ ఫ్రంట్‌లో కనిపిస్తే బాగోదు, వెనక్కి నెట్టు."

2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. వార్డు జనాభాలో రెండున్నర శాతం వరకు వ్యాపారులకి చోటు చూపించాలని, వీధి వ్యాపారాల సంగతి చూసే టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం వాళ్ల ప్రతినిధులే ఉండాలని, వాళ్లలో మూడోవంతు ఆడవాళ్లుండాలని అందులో రాసుంది. అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ ఏళ్ల తరబడి తమంతట తాము చేరే చోటుకి సహజ మార్కెట్ అనే పేరుతో గుర్తింపు కూడా ఉంది. ఎన్ని కాలేజీల డిజైన్ క్లాసుల్లో ఈ చట్టం చెబుతున్నారు? ఫైర్ నిబంధనలు, సెట్‌బ్యాకులు (భవనం చుట్టూ వదలాల్సిన ఖాళీలు), పార్కింగ్ లెక్కలు బట్టీ పట్టిస్తారు. కారుకి ఎంత చోటో ప్రతి విద్యార్థికీ తెలుసు. పూలు అల్లుకుంటూ అమ్మే మనిషికి ఎంత చోటు కావాలో అడిగితే క్లాసంతా మౌనం.

ఎందుకుంటుంది జవాబు? సైట్ స్టడీ అంటే మ్యాప్ నుంచి స్క్రీన్‌షాట్, నాలుగు ఫోటోలు, ఎండ గాలి బాణాలు. రెండర్లలో, అంటే కంప్యూటర్లో చేసిన భవనం బొమ్మల్లో, ఓవర్‌కోట్లు వేసుకున్న తెల్లవాళ్లు నడుస్తుంటారు, మన బస్టాండు ముందు! ఒక్క తట్ట ఉండదు, ఒక్క తోపుడు బండి ఉండదు, నేల మీద కూర్చున్న మనిషి ఉండదు. బొమ్మలోనే లేని మనిషికి భవనంలో చోటెక్కడి నుంచి వస్తుంది? సైట్‌కి పొద్దున ఐదింటికి ఓసారి, పదకొండింటికి ఓసారి, సాయంత్రం ఆరింటికి, రాత్రి తొమ్మిదింటికి వెళ్లాలి. సంత రోజొకటి, మామూలు రోజొకటి. టేపు తీసుకెళ్లి తట్ట అడ్డం కొలవాలి, గొడుగు వెడల్పు కొలవాలి, తార్పాలిన్ తాడు దేనికి కట్టారో చూడాలి. ఆ తాడు కట్టుకోవడానికి కొక్కెం ఇవ్వకపోతే నీ కొత్త స్తంభానికి వాళ్లే మేకు కొడతారు. ఆ అమ్మాయి చూరు అంచున రెండు మీటర్లకో కొక్కెం గీసింది. కొలవడానికి నేల మీద కూర్చున్నవాళ్లకే తెలిసే సంగతి అది.

తల్లీ, ఈ పోస్టు నీదాకా వస్తే ఒక్క మాట. ఫైనల్ షీట్‌లో అరుగు అలాగే ఉంచు. మిగిలిన నాలుగు మీటర్లు టీ బంకు వైపు కలుపు, అక్కడే రద్దీ ఎక్కువ. చెట్ల వైపు ఉన్న ముక్క 900 మి.మీ. వెడల్పు చెయ్యి, రెండు వైపులా కూర్చుంటారు, మధ్యాహ్నం ఎవరైనా కాసేపు నడుం వాల్చుకుంటారు కూడా. బైకులు అరుగుకి ఆనించి పెట్టేస్తారు, అది ఇప్పుడే చూసుకో: బండికి మీటరు వెడల్పు, రెండు మీటర్ల పొడుగు చొప్పున బస్టాండు గేటు పక్కన చోటు చూపించు. పక్కనే 1:20 స్కేలులో సెక్షన్ వేసి, అందులో తట్ట పెట్టుకుని కూర్చున్న మనిషిని కొలతలతో సహా గియ్యి.