డ్రామాకు జనం రారనే మాట నేను ఒప్పుకోను

ఈ మధ్య తెగ తిరుగుతున్న మాట ఒకటుంది. ఎవరు మొదలుపెట్టారో గానీ, సినిమా గురించి మాట్లాడే ప్రతివాళ్లూ దాన్నే కాస్త అటూ ఇటూ మార్చి షేర్ చేస్తున్నారు. "తెలుగు ప్రేక్షకుడికి డ్రామా ఎక్కదు. ఫైట్లు, ఎలివేషన్లు ఉంటేనే థియేటర్‌కి కదులుతాడు. ఎమోషనల్ సినిమాలు ఓటీటీలో చూసుకుంటే చాలు. అయినా అవి మలయాళం వాళ్లు తీయాల్సినవి, మనవల్ల కాదు. డ్రామా అంటే లాగుడూ ఏడుపే కదా. ఎప్పుడైనా ఒకటి ఆడిందంటే అది లక్కు." మొత్తం ఇంతే. నేను రివ్యూలు రాసేవాణ్ని కాదు, ఇండస్ట్రీలో నాకెవరూ తెలీదు, టికెట్ కొనుక్కుని వెళ్లి చూసొచ్చే మామూలు మనిషిని. అందుకే ఈ మాటకి ఒళ్లు మండుతోంది. మేం డబ్బులిచ్చి, టైమిచ్చి చూసిన సినిమాల్ని ఎవరూ చూడలేదని మాకే చెబుతున్నారు.

ముందు జనం రారనే మాట సంగతి చూద్దాం. 2025 మార్చి 14న వచ్చిన 'కోర్ట్' ఏమైంది మరి? 19 ఏళ్ల కుర్రాడు, 17 ఏళ్ల అమ్మాయి, కుర్రాడి మీద పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసు, ఆ కేసు పట్టుకున్న ఓ జూనియర్ లాయరు. కథంతా ఇదే. పోస్టర్ మీద నాని పేరున్న మాట నిజమే, కానీ సమర్పకుడిగా. నాని పేరు చూసి మొదటిరోజు వచ్చారే అనుకుందాం, రెండో వారం ఎవరి పేరు చూసి వచ్చారు? నేను వెళ్లిన షోకి ముందు వరుసలతో సహా నిండిపోయింది. మామూలుగా హీరో ఎంట్రీకి వినపడే ఈలలు ఆ రోజు క్రాస్ ఎగ్జామినేషన్‌కి విన్నాను. శివాజీ చేసిన మంగపతి పాత్ర తెరమీదికి వచ్చినప్పుడల్లా హాల్లో ఒకరకమైన టెన్షన్. ఇంట్లో ఆడపిల్లల బట్టల దగ్గర్నుంచి అన్నిటి మీదా పెత్తనం చేసే అలాంటి మనిషి దాదాపు ప్రతి చుట్టరికంలోనూ ఒకడుంటాడు కాబట్టి ఎవరికీ విడమర్చి చెప్పాల్సిన పని లేకపోయింది. సినిమాలో నాకు నచ్చనిదీ ఉంది. సెకండాఫ్‌లో జాబిల్లి పాత్రను బాగా పక్కన పెట్టేశారు, గొడవంతా ఆ అమ్మాయి గురించే అయినప్పుడు ఆ అమ్మాయి మాట ఇంకా వినాలనిపించింది. అయినా ఒక చట్టాన్ని ఎలా వాడుకుంటారో, ఎలా వాదిస్తారో చెప్పే సినిమాకి కుటుంబాలు కుటుంబాలు కదిలొచ్చాయంటే, డ్రామా ఎక్కదనడానికి నోరెలా వస్తుంది?

ఓటీటీలో చూస్తే చాలు అనే మాట దగ్గర నేను కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే చాలామంది నిజమనుకుంటున్నది దీన్నే.

'బలగం' 2023 మార్చి 3న థియేటర్లకు వచ్చింది, అదే నెల 24న ప్రైమ్‌లోకి వచ్చేసింది. అంటే మూడు వారాలకే ఎవరి ఫోన్లో వాళ్లు చూసుకోవచ్చు. అయినా తెలంగాణ పల్లెల్లో ఏం జరిగింది? పంచాయతీ ఆఫీసు ముందు, బడి గ్రౌండ్లో తెరలు కట్టి ఊరంతా కలిసి చూశారు. విడిపోయిన అన్నదమ్ములు ఈ సినిమా చూసి మళ్లీ కలిశారని పేపర్లలో వార్తలు కూడా వచ్చాయి. మా మేనమామ వాళ్ల ఊళ్లో వేసినప్పుడు నేనూ అక్కడున్నాను. కుర్చీలు, చాపలు ఇళ్లనుంచి తెచ్చుకుని కూర్చున్నారు. సినిమాలో కొమురయ్య చనిపోయాక పెట్టిన ముద్దను పిట్ట ముట్టకపోయేసరికి నా వెనకాల ఒక పెద్దావిడ "బిడ్డ, అల్లుడు, కొడుకులు ఒక్కటి గాకపోతే పిట్టెట్ల ముడ్తది" అంది, తెరమీద ఉన్నవాళ్లకే చెబుతున్నట్టు. చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. చివర్లో జానపద కళాకారులు మొగిలయ్య, కొమురమ్మ పాట మొదలయ్యాక మాత్రం ఎవరూ ఏమీ మాట్లాడలేదు. ఇది ఫోన్లో దొరుకుతుందా? కథ ఫోన్లో కూడా అర్థమవుతుంది, కాదనను. నల్లిబొక్క (మటన్‌లో మూలుగు ఎముక) దగ్గర మొదలైన పంతం ఏళ్ల తరబడి ఎలా సాగిందో ఇంట్లో చూసినా తెలుస్తుంది. కానీ పక్కన కూర్చున్న మన బాబాయి కూడా అదే సమయానికి తల దించుకోవడం, అది మనం చూడటం, ఆ పని నలుగురి మధ్యలోనే జరుగుతుంది.

'ది గర్ల్‌ఫ్రెండ్' విషయంలోనూ అంతే. భూమా, విక్రమ్ వాళ్లింటికి వెళ్లి అతని అమ్మను కలిసే సీన్ గుర్తుందా? రోహిణి గారికి అక్కడ మాటలు లేనట్టే. ఆ బెదిరిన చూపు, ఆ మౌనం, దాన్ని చూస్తూ రష్మిక మొహంలో మెల్లగా వచ్చే మార్పు, అంతే. ఆవిడలో తన రేపటిని భూమా చూసుకుంటోందని ఎవరూ చెప్పకుండానే హాల్లో అందరికీ అర్థమైంది. ఇంట్లో ఆ సీన్ వచ్చేసరికి కుక్కర్ కూస్తుంది, లేదా ఎవరో ఫోన్ చేస్తారు, లేదా ఏమీ జరగట్లేదు కదాని మనమే పది సెకన్లు ముందుకి జరుపుతాం. మాటలు లేని సీన్‌కే పెద్ద తెర, చీకటి ఎక్కువ అవసరం. ఫైట్ సగం చూసినా ఎవరు గెలిచారో తెలిసిపోతుంది. నాకు ఈ సినిమా మీదా ఒక కంప్లయింట్ ఉంది. క్లైమాక్స్‌లో చెప్పాలనుకున్నదంతా స్పీచ్‌లా చెప్పించేశారు, అప్పటిదాకా చూపులతో అంత బాగా చెప్పి ఆఖర్లో మమ్మల్ని నమ్మలేదనిపించింది.

ఇక మలయాళం పోలిక. దీనికి పెద్ద జవాబు అక్కర్లేదు. 2024లో 'మంజుమ్మెల్ బాయ్స్' తెలుగులో వస్తే మన హాళ్లలో ఎవరు చూశారు? మనమే కదా. డ్రామా ఎక్కని వాళ్లం అయితే డబ్బింగ్ సినిమాకి టికెట్లెందుకు కొన్నాం? పైగా అక్కడినుంచి మనదాకా వచ్చేది అక్కడ నెగ్గిన నాలుగైదు సినిమాలే. మన దగ్గర వచ్చినవన్నీ, చెత్తతో సహా, మనం చూస్తాం. వాళ్ల మేలిమిని మన మొత్తంతో పక్కపక్కన పెట్టి కొలిస్తే ఎవరైనా ఓడిపోతారు. మనవల్ల కాదన్న వాళ్లు 'కేరాఫ్ కంచరపాలెం' ఒకసారి తలుచుకోవాలి. 2018లో వచ్చిన ఆ సినిమాని విశాఖలోని ఆ పేట మనుషుల్నే పెట్టి తీశారు, ఆ యాస, ఆ మొహాలు వేరే భాషలోంచి తెచ్చుకున్నవి కావు.

డ్రామా అంటే లాగుడు, ఏడుపు అనేవాళ్లకి నేను '35 చిన్న కథ కాదు' చూడమంటాను. 2024 సెప్టెంబర్‌లో వచ్చింది, తిరుపతిలో జరిగే కథ. లెక్కలు రాని పిల్లాడు అరుణ్. సున్నాకి విలువే లేదంటారు, మరి ఒకటి పక్కన పెడితే పది ఎలా అవుతుంది అని అడుగుతాడు. మాస్టారు దానికి జవాబు చెప్పకుండా వాణ్నే జీరో అని పిలుస్తాడు. పదో తరగతి పాసవ్వని తల్లి కొడుకు కోసం లెక్కలు నేర్చుకోవడం మొదలుపెడుతుంది. సినిమా అంతా ఒక పిల్లాడికి 35 మార్కులు వస్తాయా రావా అన్నదే, నాకు ఏ ఛేజింగ్ సీన్‌లోనూ అంత ఉత్కంఠ కలగలేదు. నివేదా థామస్‌కి తెలంగాణ గద్దర్ అవార్డుల్లో ఉత్తమ నటి పురస్కారం ఈ పాత్రకే వచ్చింది, న్యాయంగా వచ్చింది.

లాగుడు ఉన్న డ్రామాలు లేవా అంటే ఉన్నాయి. 'కుబేర'లో ధనుష్ నటన చూసి నోట మాట రాలేదు, బిచ్చగాడి పాత్రలో ఎక్కడా స్టార్ కనపడడు, కానీ మూడు గంటల సినిమాలో సెకండాఫ్ అక్కడక్కడే తిరిగింది. అదే రోజు, 2025 జూన్ 20న వచ్చిన '8 వసంతాలు' చూడ్డానికి చాలా అందంగా ఉంది, అయితే ప్రతి పాత్రా కవిత్వంలోనే మాట్లాడుతుంటే మనుషులు నాకు దూరమైపోయారు. ఇవి రాతలో లోపాలు. ఫైట్ల సినిమా బోర్ కొడితే ఆ డైరెక్టర్‌ని తిడతాం, ఫైట్లనే పక్కన పెట్టేయమనం. డ్రామా బోర్ కొడితే మాత్రం ఆ జానర్‌నే తీసేయమనడం ఏం లెక్క?

ఆడింది లక్కు అంటారు. 1980లో 'శంకరాభరణం' వచ్చింది. హీరో డిప్యూటీ కలెక్టర్‌గా పనిచేస్తున్న సోమయాజులు గారు, కథేమో ఒక వృద్ధ సంగీత విద్వాంసుడిది. తెలుగు రాని ఊళ్లలో కూడా ఆడింది. తర్వాత 'మాతృదేవోభవ'కి కొంగులు తడుపుకుంటూ వచ్చిన ఆడవాళ్ల గురించి మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది. 'మహానటి', 'సీతారామం', 'బేబీ', 'లక్కీ భాస్కర్', ఇన్నిసార్లు తగిలేది లక్కా?

అసలు జరుగుతున్నది వేరు. స్టార్ సినిమా మొదటి మూడు రోజుల్లో నిండిపోతుంది, డ్రామా అలా కాదు. ఒకరు చూసి ఇంకొకరికి చెప్పాలి, వాళ్లు ఇంట్లో ఒప్పించాలి, నలుగురికి హైదరాబాద్ మల్టీప్లెక్స్‌లో 295 చొప్పున టికెట్లంటే జీతం పడేదాకా ఆగాలి. ఆ టైమ్ ఎక్కడిస్తున్నారు? 'కోర్ట్' నాలుగు వారాలకు నెట్‌ఫ్లిక్స్‌లో ఉంది, 'ది గర్ల్‌ఫ్రెండ్' కూడా సరిగ్గా నాలుగు వారాలకే, '35' అయితే అంతకంటే ముందే ఆహాలోకి వచ్చింది. హిందీ సినిమాలకు మల్టీప్లెక్సులు ఎనిమిది వారాలు పట్టుబడుతుంటే మన డ్రామాలకు అందులో సగమే. 'రంగమార్తాండ' సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధేస్తుంది. బ్రహ్మానందం గారు ఆసుపత్రి మంచం మీద అలా నటిస్తారని నేనెప్పుడూ అనుకోలేదు. 2023 మార్చి 22న ఉగాదికి వచ్చింది, ఎనిమిది రోజులకే నాని సినిమా 'దసరా' దిగింది, ఏప్రిల్‌లో సినిమా ఓటీటీలో ఉంది. మా నాన్న, ఆయన స్నేహితులు ఆదివారం వెళ్దామని మాట్లాడుకునేసరికి మా ఊళ్లో షో ఎత్తేశారు. వాళ్లంతా డ్రామా చూడటానికి రాని జనం కింద లెక్కలోకి వెళ్లిపోయారు, వాళ్లనే చూపించి ఇప్పుడు తెలుగోళ్లకు డ్రామా ఎక్కదంటున్నారు.