రస్సెల్ ట్రిబ్యునల్: సవరణ, చిన్న వివరణ

వియత్నాంపై అమెరికా దాడిని 1967లో విచారించిన రస్సెల్ ట్రిబ్యునల్ తొలి విడత సభ పారిస్‌లో జరిగిందని మొన్నటి పోస్టులో రాశాను; పారిస్ అన్న చోట స్వీడన్‌లోని స్టాక్‌హోమ్ అని చదువుకోండి. పారిస్‌లోనే జరపాలనుకున్నారు గానీ, అప్పటి ఫ్రాన్స్ అధ్యక్షుడు డి గాల్ ఒప్పుకోలేదు. రెండో విడత డెన్మార్క్‌లోని రోస్కిల్డెలో జరిగింది.

శిక్ష ఎవరికి పడిందని కొందరు అడిగారు. ఎవరికీ పడలేదు. అది ఏ ప్రభుత్వమో పెట్టిన కోర్టు కాదు, తొంభై దాటిన తత్వవేత్త బెర్ట్రండ్ రస్సెల్ పిలుపుతో పలు దేశాల మేధావులు కూడిన వేదిక. ఫ్రెంచ్ తత్వవేత్త, రచయిత సార్త్ర్ దాని కార్యనిర్వాహక అధ్యక్షుడు.

అలాగని ఉత్త ఉపన్యాసాల సభ అనుకోవద్దు. దాని తరఫున బృందాలు వియత్నాం వెళ్లి, బాంబులు పడ్డ ఊళ్లు తిరిగాయి. ఒంటికి అతుక్కుని మండే నాపామ్ బాంబుతో ఒళ్లు కాలిన పిల్లాడు స్టాక్‌హోమ్ సభ ముందు నిలబడి తన గాయాలు చూపించాడు. నా దృష్టిలో ఏ తీర్పు కన్నా బలమైనది ఆ సాక్ష్యమే.