పేరు కాదు, పైపొర చెప్పండి

సీరియం ఆక్సైడ్ నానో రేణువులు ఫ్రీ రాడికల్స్‌ను (కణాలను దెబ్బతీసే చురుకైన అణువులను) హరించి జీవకణాలను కాపాడతాయన్న మాటలో నిజముంది. ఆ ఒక్క మాట పట్టుకుని మందుల దాకా వెళ్లడమే ప్రమాదం. రేణువు పైపొర ఏ స్థితిలో ఉందో, ఏ ద్రావణంలో పరీక్షించారో రాయని ఫలితాన్ని లెక్కలోకి తీసుకోరాదన్నది మా అభిప్రాయం.

సీరియం లోహం +3, +4 ఆక్సీకరణ స్థితుల (విద్యుదావేశాల) మధ్య తేలిగ్గా మారుతుంది. పైపొరలో +3 వాటా ఎక్కువైతే రేణువు సూపరాక్సైడ్ అనే ఫ్రీ రాడికల్‌ను తొలగిస్తుంది. +4 ఎక్కువైతే హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను విడగొడుతుంది. 3-5 నానోమీటర్ల రేణువుల్లో +3 ఎక్కువ. వాటినే 500 డిగ్రీల సెల్సియస్‌లో కాలిస్తే ఒకదానికొకటి అతుక్కుని పెరుగుతాయి, ఆ వాటా పడిపోతుంది. ఒకే పేరున్న రెండు సీసాలు రెండు రకాలుగా పనిచేసేది ఇందుకే. ఎక్స్‌రేలతో పైపొరను పరిశీలించే ఎక్స్‌పీఎస్ పద్ధతిలో ఈ వాటాను కొలిచినా జాగ్రత్త అవసరం: శూన్యంలో ఎక్స్‌రే తాకిడికే కొంత +4 కాస్తా +3 అయిపోతుంది.

అసలు చిక్కు ఫాస్ఫేట్‌తో. ప్రయోగశాలల్లో నిత్యం వాడే పీబీఎస్ అనే బఫర్‌లో (పీహెచ్ మారకుండా నిలిపే ద్రావణంలో) సాధారణంగా 10 మిల్లీమోలార్ ఫాస్ఫేట్ ఉంటుంది. అది +3 సీరియాన్ని పట్టేసి, సూపరాక్సైడ్‌ను తొలగించే గుణాన్ని చంపేస్తుంది. హెపీస్ వంటి ఫాస్ఫేట్ లేని బఫర్‌లో మంచి ఫలితం వచ్చిందని సంబరపడటమూ తొందరపాటే, రక్తంలోనూ ఫాస్ఫేట్ దాదాపు 1 మిల్లీమోలార్ ఉంటుంది మరి. రెండింటిలోనూ చేసి రెండు అంకెలూ ఇవ్వాలి. కణంలోకి చేరిన పదార్థాలను జీర్ణం చేసే లైసోజోమ్ అనే సంచిలో పీహెచ్ 4.5-5 వరకు దిగుతుంది. ఆ ఆమ్లంలో ఇదే రేణువు రక్షణ మాని ఆక్సీకరణకు పూనుకోవచ్చు.

తయారీలో వాడిన సీటాబ్ వంటి సర్ఫాక్టెంట్ (సబ్బులాంటి రసాయనం) మిగిలిపోతే కణాలు చస్తాయి, నింద రేణువు మీద పడుతుంది. అతి సన్నని పొరతో రేణువులను వడగట్టి, కిందికి దిగిన ద్రవాన్ని విడిగా కణాలపై వేసి చూస్తే సంగతి తేలుతుంది. ఇంత చిన్న పని మానడానికి సాకు లేదు. 0.22 మైక్రాన్ల ఫిల్టర్ బ్యాక్టీరియాను ఆపుతుందే గానీ ఎండోటాక్సిన్‌ను (బ్యాక్టీరియా పైగోడ నుంచి వచ్చే విషాన్ని) కాదు. దాన్ని వేరే పరీక్షించాలి.

ఎంఆర్ఐ స్కాన్‌లో చిత్రం స్పష్టంగా రావడానికి గడోలినియం ఆక్సైడ్ నానో రేణువులు వాడేవారికి ఇంకా కఠినమైన షరతు కావాలి. కరిగి బయటపడే గడోలినియం అయాను పరిమాణంలో కాల్షియానికి దగ్గర, కణాల్లోకి కాల్షియం వెళ్లే దారులనే మూసేస్తుంది. సిలికా పూత ఆలస్యం చేస్తుందేమో గానీ పూర్తి హామీ కాదు. ఆమ్ల ద్రావణంలో వారాలపాటు ఉంచి ఎంత కరిగిందో కొలవాలి. పూతతో కలిపి సుమారు 6 నానోమీటర్లు దాటిన రేణువులను మూత్రపిండాలు వడపోయలేవు, ఎక్కువ భాగం కాలేయం, ప్లీహాల్లోనే పేరుకుంటుంది. అలాంటప్పుడు 24 గంటల కణ పరీక్షతో సురక్షితమని ముద్ర వేయడాన్ని మేము ఒప్పుకోం. నెలల తరబడి ఆ అవయవాలను పరీక్షించిన వివరాలు కావాలి.