మంచి యజమాని అనే అబద్ధం

‘ది రైజింగ్ ఆఫ్ ది షీల్డ్ హీరో’ అనే జపాన్ ఫాంటసీ కథ గురించి మాట మొదలైతే వాదన ఎటు పోతుందో ముందే తెలిసిపోతుంది. హీరో ఒక చిన్నపిల్లను బానిసగా కొనుక్కుంటాడు, అలాంటివాడు మీకెలా నచ్చాడు అని ఒకరు అడుగుతారు. చూపించినంత మాత్రాన సమర్థించినట్టేనా అని ఇంకొకరు ఎదురడుగుతారు. అది వేరే లోకం, అక్కడి పద్ధతులు వేరు అని మరొకరు. ఆ తర్వాత అంతా తిట్లే. 2019 జనవరిలో దాని అనిమే, అంటే జపాన్ యానిమేషన్ సీరియల్, మొదలైనప్పటి నుంచీ ఇదే నడుస్తోంది. ఇన్నేళ్లయినా ఇది ఒక కొలిక్కి రాకపోవడానికి కారణం, రెండు వైపులా ‘చూపించొచ్చా లేదా’ అనే ప్రశ్న దగ్గరే ఆగిపోవడం. చూపించొచ్చు. చూపించాలి కూడా. నాకు అభ్యంతరం ఉన్నది వేరే చోట: బానిసే నోరు తెరిచి నాకు ఇలాగే బాగుంది అని చెప్పేలా కథ అల్లి, ఆ మాటను హీరోకి, అతని వెనకే మనకూ క్లీన్ చిట్‌గా చేతికివ్వడం.

చూడనివాళ్ల కోసం రెండు ముక్కల్లో కథ. నవోఫుమి అనే కాలేజీ కుర్రాడిని వేరే లోకానికి పిలుస్తారు. డాలు తప్ప ఇంకో ఆయుధం పట్టలేడు. వెంట వచ్చిన రాజకుమారి అతని మీద అత్యాచారం చేశాడని అబద్ధపు నింద వేస్తుంది. అందరూ ఛీ కొట్టాక, తన తరఫున కత్తి పట్టడానికి ఒక మనిషి కావాలని బానిసల వ్యాపారి దగ్గరికి వెళ్లి, దగ్గుతో, పీడకలలతో నలిగిపోతున్న రఫ్తాలియా అనే పిల్లను కొంటాడు. ఆమె ఒంటి మీద మంత్రపు ముద్ర ఉంటుంది, యజమాని చెప్పింది చేయకపోతే ఆ ముద్రే నొప్పితో మెలితిప్పుతుంది. మొదట్లో కత్తి పట్టి పొడవడానికి ఆమె భయపడితే ఆ నొప్పితోనే పొడిపిస్తాడు. తర్వాత మందు తాగిస్తాడు, కడుపు నిండా తిండి పెడతాడు, ఆడుకోవడానికి బంతి కొనిస్తాడు.

నేను పట్టుకున్నది దాని తర్వాత జరిగే ఘట్టం. మొతొయాసు అనే ఇంకో హీరో వచ్చి మనిషిని బానిసగా ఉంచుకోవడం తప్పు, ఆ అమ్మాయిని వదిలెయ్ అని ద్వంద్వ యుద్ధానికి పిలుస్తాడు. మొత్తం ఘట్టంలో ఆ ఒక్కమాటే న్యాయమైన మాట, దాన్ని రచయిత ఎవరి నోట పెట్టాడో చూడండి: ఆడవాళ్ల వెంటపడే ఒక తెలివితక్కువ కుర్రాడి నోట, అది కూడా దొంగదెబ్బ సాయంతో గెలిచేవాడి నోట. అతను గెలిచాక రాజు ముద్ర తీయిస్తాడు, రఫ్తాలియా వచ్చి మొతొయాసు చెంప పగలగొడుతుంది, నన్ను విడిపించమని నేనడిగానా అన్నట్టు మాట్లాడుతుంది. అక్కడితో ఆగినా కొంత నయం. కొద్ది రోజుల్లోనే తనే అడిగి ఆ ముద్ర మళ్లీ వేయించుకుంటుంది, అది నమ్మకానికి గుర్తు అని. నవలల్లో ఇంకో ఏర్పాటు కూడా ఉంది. హీరో డాలుకు బానిసలకు సంబంధించిన రూపాలు తెరుచుకుంటాయి, వాటివల్ల అతని దగ్గరున్న బానిసలు త్వరగా బలపడతారు. అంటే ఆ లోకం నడిచే లెక్కలోనే మనిషిని సొంతం చేసుకున్నవాడికి లాభం రాసి పెట్టారు. స్వేచ్ఛ కోరేవాడు మూర్ఖుడు, సంకెల కోరేది ప్రేమించే అమ్మాయి, సంకెల వల్ల అందరికీ బలం. ఇన్ని ఒకేవైపు పేర్చాక ఇది ఆ కాలపు పరిస్థితిని చూపించడం మాత్రమే అంటే నేను ఒప్పుకోను.

అటువైపు వాళ్ల మాట కూడా వినాలి, అందులో సారం లేకపోలేదు. నవోఫుమి దెబ్బతిన్నవాడు, ఎవరినీ నమ్మలేడు, ముద్ర ఉంటే తప్ప మనిషిని దగ్గరికి రానివ్వలేని స్థితిలో ఉన్నాడు, ఆ లోపాన్ని కథ దాచలేదు కూడా. రఫ్తాలియాకు అతను తండ్రిలాంటి పని చేశాడు, ఆ రాజ్యంలో అంతకన్నా దయగా చూసినవాడు ఇంకొకడు లేడు. పాత్ర చేసే ప్రతి పనీ రచయిత అభిప్రాయం కాదు. కల్పనను కల్పనగా చదవడం పాఠకుడికి తెలుసు, జపాన్ కథలకు బయటివాళ్లు నీతి పాఠాలు చెప్పనక్కర్లేదు. ఇవన్నీ కలిపి ‘ఆమె ఒప్పుకుంది కదా’ అనే ఒక్క మాట మీద నిలబడతాయి, నా గొడవంతా ఆ మాటతోనే.

ఏం ఒప్పుకుంది? ఊరు నాశనమైంది, అమ్మానాన్నలు లేరు. కథ జరిగే మెల్రోమార్క్ అనేది మనుషులే గొప్పవాళ్లని నమ్మే రాజ్యం, ఆమెలాంటి అర్ధమానవ జాతివాళ్లను అక్కడ పట్టి అమ్మేయొచ్చు. ముద్ర లేకుండా బయటికి నడిచి ఎక్కడికి పోతుంది? ఇంకో వ్యాపారి బోనులోకే. వీడియో గేముల్లోలా లెవెల్ పెరగడం వల్ల కొద్ది రోజుల్లోనే ఒళ్లు పెద్ద అమ్మాయిలా ఎదిగిందే తప్ప, వయసుకు ఆమె ఇంకా పిల్లే. ఆ పిల్లకు తిండి, మందు, నిద్ర పట్టని రాత్రి పక్కన ఒక మనిషి, అన్నీ ఒకడి చేతి మీదుగానే వచ్చాయి. అలాంటప్పుడు ఆమె నోట వచ్చే ‘సరే’కు విలువ ఎంత? ఆ లోకంలో వానెప్పుడు పడాలో కూడా రచయితే నిర్ణయించాడు కదా, ఆమెకు తలదాచుకునే ఇంకో చోటు ఇవ్వకపోవడం కూడా ఆయన నిర్ణయమే.

ఒప్పుకుందన్న వాదన మాంగాలో, అంటే జపాన్ బొమ్మల కథల్లో, పుట్టింది కాదు, జపాన్ చరిత్రలోనే దానికి పెద్ద కథ ఉంది. 1872లో మరియా లూజ్ అనే పెరూ ఓడ చైనా కూలీలను ఎక్కించుకుని మకావు నుంచి పోతూ యొకొహామాలో ఆగింది. కూలీల్లో ఒకడు నీళ్లలోకి దూకి తప్పించుకున్నాడు, లోపలి ఘోరం బయటపడింది. యొకొహామా ఉన్న కనగావా ప్రాంతపు అధికారి ఓయె తకు విచారణ జరిపి కూలీలను విడిపించాడు. అప్పుడు ఓడ తరఫు లాయరు ఒక ప్రశ్న వేశాడు: మీ దేశంలో వేశ్యాగృహాలకు ఆడపిల్లల్ని ఒప్పంద పత్రాల మీద అమ్ముకోవడం చట్టబద్ధమే కదా, మరి మా ఒప్పందాలు ఎందుకు చెల్లవు? జవాబు లేదు. ఆ ఏడాదే జపాన్ మెయిజీ ప్రభుత్వం ఆ స్త్రీలను విడుదల చేయమని ఉత్తర్వు ఇచ్చింది. వెంటనే న్యాయశాఖ ఇచ్చిన ఆదేశం చరిత్రలో నిలిచిపోయింది: ఈ స్త్రీలు మనిషి హక్కులు కోల్పోయి పశువులు, గుర్రాలతో సమానంగా ఉన్నారు, పశువుల దగ్గర బాకీ వసూలు చేయడం కుదరదు కాబట్టి వీళ్ల అప్పులూ వసూలు చేయకూడదు. దయ చూపించిన ఉత్తర్వులో కూడా వాళ్లు పశువులే.

ఆ తర్వాత ఏం జరిగిందో చూడండి. ఆ మరుసటి ఏడాదే, 1873లో, టోక్యోలో కొత్త నిబంధనలు వచ్చాయి. వేశ్యాగృహాలు అద్దె గదులు అయ్యాయి. స్త్రీలు ‘తమ ఇష్టంతో’ దరఖాస్తు పెట్టుకుని లైసెన్సు తీసుకోవాలి. తండ్రి తీసుకున్న అడ్వాన్సు అలాగే ఉంది, వడ్డీ అలాగే ఉంది, తీరేదాకా గడప దాటలేని స్థితీ అలాగే ఉంది. కొత్తగా చేరింది ఆమె ఒప్పుకున్నట్టు ఒక కాగితం, అంతే. ఆ కాగితం మీద లైసెన్సు వ్యవస్థ 1946 దాకా నడిచింది. రఫ్తాలియా తనే అడిగి ముద్ర వేయించుకున్న ఘట్టం చూసినప్పుడల్లా నాకు ఆ 1873 దరఖాస్తే కనిపిస్తుంది.

ఇంకోలా రాయొచ్చా అంటే, రాశారు, అదీ మాంగాలోనే. మకొతొ యుకిమురా ‘విన్‌లాండ్ సాగా’ ఫాంటసీ కాదు, వైకింగుల కాలపు కథ. అయినా ‘మంచి యజమాని’ గురించి మాంగాలో అంతకన్నా నిజాయితీగా రాసింది నాకు తెలియదు. కెటిల్ డెన్మార్క్‌లో పెద్ద రైతు, మెత్తని మనిషి. థోర్ఫిన్, ఐనార్ అనే ఇద్దరు బానిసలకు అడవి కొట్టి సాగు చేసుకోండి, పండిన గోధుమలు అమ్మి మీ స్వేచ్ఛ మీరే కొనుక్కోండి అని అవకాశం ఇస్తాడు. ఆర్న్‌హెయిడ్ అనే బానిస ఒడిలో తల పెట్టుకుని తన భయాలన్నీ చెప్పుకుంటాడు. చాలా ఎపిసోడ్ల పాటు మనకూ అతను నచ్చుతాడు, యుకిమురా మనల్ని కావాలనే నచ్చనిస్తాడు. ఆ తర్వాత కెటిల్‌కు రాజుతో ఇబ్బంది వస్తుంది, పొలం పోయే పరిస్థితి వస్తుంది, అదే సమయంలో ఆర్న్‌హెయిడ్ తన భర్తతో పారిపోవాలని చూసిందని తెలుస్తుంది. కడుపుతో ఉన్న ఆమెను కర్రతో కొడతాడు, ఆ దెబ్బలకే ఆమె చనిపోతుంది. ఆ మెత్తని మనిషే! అతను లోపల రాక్షసుడని కథ ఎక్కడా చెప్పదు. అతను మంచివాడే. కాకపోతే ఆ మంచితనం అతని మూడ్ బాగున్నంతకాలం నడిచే ఏర్పాటు, ఆమె దగ్గర దాన్ని నిలబెట్టుకోవడానికి ఏ హక్కూ లేదు. ఇది తెలిశాక నవోఫుమి ఎంత మంచివాడో చెప్పి నన్ను ఒప్పించడం ఎవరి వల్లా కాదు.

‘వన్ పీస్’ ఫాంటసీయే, పిల్లల పత్రికలో వస్తున్నదే. సబావొడిలో మనుషుల వేలం ఘట్టంలో రచయిత ఎయిచిరో ఒడా చూపించేది కొనేవాళ్ల ముఖాలే కాదు, తెర వెనక సంకెళ్లతో కూర్చున్నవాళ్లను కూడా. పట్టుబడిన ఒక ఓడదొంగ అమ్ముడుపోవడం కన్నా చావే మేలని వేదిక మీదే నాలుక కొరుక్కుంటాడు, నిర్వాహకుడు తెర దించేసి తర్వాతి సరుకు తెప్పిస్తాడు. ఒక మత్స్యకన్యకు ఒక్క వేలంపాటతోనే 50 కోట్ల బెర్రీలు (ఆ లోకపు డబ్బు) పలుకుతుంది. హీరో లూఫీ ఆ కొనుగోలుదారు మొహం పగలగొట్టడం అందరికీ గుర్తుంది, నాకు మాత్రం తర్వాత వచ్చే కోవాలా ముఖ్యం. బానిసత్వం నుంచి బయటపడిన చిన్నపిల్ల. విడిపించినవాళ్ల ఓడ ఎక్కాక కూడా ఎవరూ చెప్పకుండానే నేల తుడుస్తుంది, కొట్టినా నవ్వుతూనే ఉంటుంది. ఏడిస్తే చంపేస్తారని నేర్చుకుంది. ఆ నవ్వును ఒడా సంతోషంగా చూపించలేదు, గాయంగా చూపించాడు. ఆ ఓడ నాయకుడు ఫిషర్ టైగర్, బానిస యజమానులు వేసిన ముద్ర మీద సూర్యుడి ముద్ర వేయించి అది కనపడకుండా చేస్తాడు, అదే ముద్ర ఆ పిల్లకూ వేయిస్తాడు. ముద్రను కప్పేయడానికి అంత తపించే కథ ఒకటి, ముద్రను ప్రేమకు గుర్తుగా తిరిగి వేయించుకునే కథ ఇంకొకటి. రెండూ ఫాంటసీలే, కాబట్టి ‘ఫాంటసీ అంటే ఇంతే’ అనే సాకు చెల్లదు.

మొదటి రకం ఇంతగా పెరగడానికి కారణం పెద్ద రహస్యమేమీ కాదు. షీల్డ్ హీరో, ముషోకు టెన్సెయ్ లాంటివి 2012లో ‘షోసెత్సుకా ని నారో’ అనే ఉచిత నవలల సైట్‌లో మొదలయ్యాయి. అక్కడ ర్యాంకింగే దేవుడు. ఒక సూత్రం పని చేసిందంటే వందల మంది అదే పట్టుకుంటారు. ఎప్పటికీ వదిలిపోని, ద్రోహం చేయలేని తోడు కావాలన్న కోరిక ఒంటరి పాఠకుడిలో ఉంది, బానిస ముద్ర దాన్ని ఒక్క పేరాలో తీరుస్తుంది. 2023లో వచ్చిన ముషోకు టెన్సెయ్ రెండో సీజన్‌లో బొమ్మలు చేసే పని నేర్పడానికి ఒక డ్వార్ఫ్ (మరుగుజ్జు జాతి) పిల్లను బానిసల అంగడిలో కొంటారు, ఆ పిల్లను బాగానే చూసుకుంటారు, కథ ముందుకు పోతుంది. కొన్నారన్న సంగతి అక్కడ ఎవరి నిద్రా చెడగొట్టదు.

ఇప్పుడు ఈ కథలు మన దాకా వచ్చాయి. క్రంచీరోల్ అనే అనిమే స్ట్రీమింగ్ సైట్‌లో తెలుగు డబ్బింగులు వస్తున్నాయి, 2025 సెప్టెంబరులో డీమన్ స్లేయర్ సినిమా తెలుగులోనూ థియేటర్లకు వచ్చింది. మన కుర్రాళ్లు కూడా ఇవే వాదనలు తెలుగులో చేస్తున్నారు, ‘బాగా చూసుకున్నాడు కదా బ్రో’ అంటున్నారు. ఈ మాట మనకు కొత్త కాదు. నిజాం కాలపు తెలంగాణలో దొర కూతురికి పెళ్లైతే ఆమెతో పాటు అత్తారింటికి ఆడబాపలను పంపేవాళ్లు, సామానుతో పాటు మనిషిని. ఆ ఇళ్లలో ఆడబాపలను ఇంటి మనుషుల్లా చూసుకున్నామని చెప్పుకునేవాళ్లు ఉంటారు, ఉప్పు తిన్న విశ్వాసం గురించి కథలు చెబుతారు. ‘నీ బాంచన్ దొరా, కాల్మొక్తా’ అన్న మనిషి తన ఇష్టంతోనే ఆ మాట అన్నాడని ఇవాళ ఏ తెలుగువాడైనా వాదిస్తాడా? వాదించడు, ఎందుకంటే ఆ మాట వెనక గడీ కనిపిస్తుంది. రఫ్తాలియా మాట వెనక గడీని కనపడనివ్వకపోవడమే ఆ కథ చేసిన పని.

బలవంతం అంటే కొరడా ఒక్కటే కాదని మన సుప్రీంకోర్టు 1982లోనే చెప్పింది. ఢిల్లీ ఏషియాడ్ నిర్మాణ కూలీల కేసు అది, పీయూడీఆర్ అనే హక్కుల సంఘం వేసింది, తీర్పు జస్టిస్ పి.ఎన్. భగవతి రాశారు. ఆకలి, పేదరికం మనిషికి ఇంకో దారి లేకుండా చేసి కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయిస్తే, అతను తలూపినా సరే, అది రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీయే అన్నారు. అంతకు ఆరేళ్ల ముందే, 1976లో, వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది. అయినా ఒడిశాలోని బలాంగీర్, నువాపడా నుంచి అడ్వాన్సు తీసుకుని హైదరాబాద్ చుట్టుపక్కల ఇటుక బట్టీలకు కుటుంబాలు వస్తూనే ఉన్నాయి, లెక్క తేలేదాకా వెనక్కి పోలేని స్థితిలో పిల్లలతో సహా ఇటుకలు కోస్తున్నాయి. అధికారులు దాడి చేసి విడిపించడానికి వెళ్లినప్పుడు బట్టీ యజమానుల నుంచి వచ్చే మొదటి జవాబు, వాళ్లు ఇష్టపడే వచ్చారు సార్, అడగండి కావాలంటే. ఎదురుగా యజమాని నిలబడి ఉండగా అడిగితే చాలామంది అవునంటారు కూడా. ఆ ‘అవును’ను విడుదల పత్రం రాయాల్సిన అధికారి ఎలా వినాలో 1982 తీర్పు చెప్పింది. షీల్డ్ హీరో మీద వాదించే మిత్రులు నాకు జవాబు ఇవ్వాలనుకుంటే ముందు ఆ తీర్పు చదివి, ఆ తర్వాత ముద్ర ఘట్టం మళ్లీ పెట్టుకుని చూసి, అప్పుడు రండి.