ఎన్‌ఐసీయూలో బిడ్డ ఉంటే జవానుకు 15 రోజులేనా?

28 వారాలకే పుట్టిన బిడ్డ ఎన్‌ఐసీయూ (నవజాత శిశువుల ఐసీయూ) దాటి ఆస్పత్రి నుంచి ఇంటికి చేరడానికి తరచూ రెండు మూడు నెలలు పడుతుంది. మన సైన్యంలో తండ్రికి దక్కే పితృత్వ సెలవు 15 రోజులు. ఈ లెక్క ఏ రకంగా కుదురుతుందో రక్షణ శాఖే చెప్పాలి.

సిక్కోలు జవాను సంగతే తీసుకోండి. భార్య పురిటికి పుట్టింటికొస్తుంది. ఏడో నెలలోనే నొప్పులు మొదలైతే మిలిటరీ ఆస్పత్రిని వెతుక్కునే టైమ్ ఎక్కడిది? జిల్లా ఆస్పత్రికో, విశాఖలో ఏదో ప్రైవేటు ఎన్‌ఐసీయూకో పరుగెత్తాల్సిందే. ఆయన తవాంగ్‌లోనో లద్దాఖ్‌లోనో ఉంటాడు. సెలవు మంజూరై, కొండ దిగి, రైలెక్కి వచ్చేసరికి వెంటిలేటర్ కాగితాల మీద మామగారు సంతకం పెట్టేసి ఉంటారు. పైగా ఆ 15 రోజులు ఎప్పుడు వాడుకోవాలి? బిడ్డ ప్రాణాల మీదున్నప్పుడా, ఇంటికి తెచ్చుకునేటప్పుడా? ఆ మీమాంసతోనే మనిషి సగమైపోతాడు.

ఎన్‌ఐసీయూ బయట కాపలా కాసిన తల్లిదండ్రుల్లో ఆందోళన, డిప్రెషన్, నిద్రలో ఉలికిపాట్లు నెలల తరబడి ఉండొచ్చని వైద్యులు ఎప్పటినుంచో చెబుతున్నారు. తండ్రులూ అందుకు మినహాయింపు కాదు. ఇక్కడ ఆ తండ్రి చేతిలో తుపాకీ ఉంటుంది, రాత్రి సెంట్రీ డ్యూటీ ఉంటుంది, ఫోన్‌కు సిగ్నల్ ఉండదు. 2023 డిసెంబరులో పుణెలోని సైనిక వైద్య కళాశాల ఏఎఫ్‌ఎంసీలో సైనికుల కోసం, ఫోన్‌లో మానసిక సాయం అందించే టెలీ మానస్ విభాగం తెరిచారు, సంతోషం. కానీ బిడ్డ దగ్గరుండాల్సినవాడిని ఫోన్‌లో ఓదార్చి పోస్టులోనే ఉంచితే టెన్షన్ తగ్గుతుందా?

ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు, 30 రోజుల క్యాజువల్ లీవు ఉన్నాయిగా, ఆపదంటే కమాండింగ్ ఆఫీసర్ కాదంటాడా అని అడుగుతారు. చాలామంది అనరు, నిజమే. అయితే ఆఫీసరు మంచితనం మీద ఆధారపడేదాన్ని హక్కు అనలేం. వేసవిలో చెల్లి పెళ్లికి లీవు వాడేసినవాడికి సెప్టెంబరులో మిగిలేదెంత? సరిహద్దు ఖాళీ అయిపోతుందన్న భయమైతే మరీ విడ్డూరం. అమెరికా సైన్యం 2023 నుంచి తండ్రులకూ 12 వారాలిస్తోంది. బిడ్డ నవజాత శిశు వార్డులో ఉన్న ఉద్యోగులకు బ్రిటన్ 2025 ఏప్రిల్ నుంచి గరిష్ఠంగా 12 వారాల అదనపు సెలవును చట్టం చేసింది. మన దగ్గర 2023 నవంబరులో మహిళా జవాన్లకు ఆఫీసర్లతో సమానంగా 180 రోజుల ప్రసూతి సెలవు, 360 రోజుల శిశు సంరక్షణ సెలవు ఇచ్చారు. తండ్రి మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు.

గుర్తెందుకు వస్తాడు? మన లెక్కలో తండ్రంటే నెలనెలా డబ్బు పంపేవాడే. సంస్థల్లో పనిచేసే తల్లులకు 2017లో 26 వారాలిచ్చిన చట్టం, తండ్రికి ఒక్క రోజూ రాయలేదు. చాలా ఆస్పత్రుల్లో ఆయన్ను ఎన్‌ఐసీయూ తలుపు దగ్గరే ఆపి మందుల చీటీ చేతిలో పెడతారు. బిడ్డను ఛాతీకి ఆనించి వెచ్చగా ఉంచే కంగారూ కేర్ అంటే తల్లి పనే అనుకుంటారు గానీ, తండ్రి ఛాతీ మీదా బిడ్డ వెచ్చగానే ఉంటుంది.

అడుగుతున్నది సెలవు నిబంధనల్లో ఒక్క వాక్యం. బిడ్డ ఎన్‌ఐసీయూలో ఉన్నన్నాళ్లూ, 12 వారాలకు మించకుండా, వార్షిక సెలవులో కోత లేకుండా తండ్రికి విడిగా లీవు. రుజువుగా ఆస్పత్రి ఇచ్చే అడ్మిషన్ కాగితం చాలు.